దేవుని కాగు

ఇవ్వాళ పొద్దున నేను కుక్కర్లో బియ్యం పోస్తుంటే మా కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"గిదేంది అత్తమ్మా? పోసుడెందుకు, మల్ల తీసుడెందుకు?"

అప్పుడు చూసుకున్నాను. కుక్కర్లో పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గట్టు మీద పెట్టి ఉంది. పెట్టింది నేనే, కానీ నాకు తెలియదు. నా ఇంట్లో నేను వండుకున్నన్నాళ్ళు అడిగేవాళ్ళు లేరు. మోకాళ్ళు పనికిరాకుండా పోయాక కరీంనగర్లో కొడుకు ఇంటికి వచ్చి చేరాను. ఇక్కడ వంటిల్లు కోడలిది.

"ఏం లేదు తియ్యి" అని కసిరాను. కసిరితే ఊరుకునే పిల్ల కాదు. "ఏం లేకుంటె లోపల పోద్దాం" అని ఆ పిడికెడు ఎత్తి కుక్కర్లో పోసి మూత బిగించింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. చాయ్ తాగకుండా పోయి వరండాలో కూర్చున్నాను. పాపం, ఆమె తప్పేముంది? నా కోపం ఆమె మీద కాదు. అది చాలా పాతది, నాకంటే కొంచెమే చిన్నది.

మా ఊరు హుజూరాబాదుకూ జమ్మికుంటకూ నడుమ, తారు రోడ్డు దిగి బండ్ల బాట పట్టి పోతే వచ్చేది. ఊరికి అవతల మా వాడ. వాడలో కొన్ని ఇళ్ళు యేసయ్యను నమ్ముకున్నవి, కొన్ని పోచమ్మను నమ్ముకున్నవి. మా ఇల్లు మొదటి రకం. మా గోడకు ఆనుకుని ఉన్న పెద్దవ్వ ఇల్లు రెండో రకం. బాపు అంటే నాన్న, పెద్దవ్వ అంటే ఆయన అన్న భార్య. ఆమె నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. పొద్దుగాల మా బాపు చేసే ప్రార్థనను వెక్కిరించేది, పొద్దుగూకేసరికి మా ఇంట్లోకి కూర గిన్నె పంపేది.

మా వాడ విశ్వాసుల ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం పోసే ముందు, ఇంటి ఆడమనిషి అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ఉన్న చిన్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుని పాలు, ఆయన వాటా. తాము ఏం వండుకుంటే అదే. బియ్యమైతే బియ్యం, జొన్నలైతే జొన్నలు. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు గురిగి కొంగు చాటున తెచ్చేవాళ్ళు. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను మా బాపు సుత్తెతో కొడితే అదే మాకు గంట. ఆరాధన అయ్యాక గురిగులన్నీ మా ఇంటికి వచ్చేవి. బాపు సంఘ పెద్ద కాబట్టి దేవుని కాగు మా ఇంట్లోనే ఉండేది. నడుము ఎత్తు మట్టికాగు. పురుగు పట్టకుండా మా అవ్వ, అంటే మా అమ్మ, అందులో వేపాకు వేసి ఉంచేది. మూత తీస్తే చేదు వాసన, దాని కింద పాత బియ్యపు వాసన. సైకిల్ మీద ఊళ్ళు తిరిగే పాస్టరు అయ్యగారు మా ఊరు వచ్చినప్పుడు అందులో కొంత ఆయన జీతంగా పోయేది, కొంత వాడలో దిక్కులేని ముసలివాళ్ళకు పోయేది.

నేను ఆ కాగు చుట్టూ పిల్లిలా తిరిగేదాన్ని. అవ్వ చూడనప్పుడు మూత సందులోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలేదాన్ని. పచ్చి బియ్యం, వేపాకు చేదు, దొంగతనం, మూడూ కలిసి భలే రుచిగా ఉండేవి. అవ్వకు తెలుసు. "పండ్లు పుచ్చిపోతయే" అనేది తప్ప బాపుకు చెప్పేది కాదు.

బాపుకు చెబితే పుస్తకం తెరిచేవాడు. ఎర్ర గుడ్డలో చుట్టి గోడ గూట్లో పెట్టిన బైబిలు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. వరుస కింద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని, వాడంతా వినబడేలా చదివేవాడు. జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలీ పని చేసి శనివారం సాయంత్రం నడిచి వచ్చేవాడు. తలలో, కనుబొమల్లో, చెవుల్లో దూదిపింజలు. తోటి హమాలీలు కల్లు మండువ దగ్గర ఆగితే ఈయన పక్క నుంచి తల వంచుకుని వచ్చేవాడట. అందుకు వాళ్ళు "పాస్టర్ సాబ్ పోతుండు, తొవ్వ ఇయ్యుండ్రి" అని ఆటపట్టించేవాళ్ళు. ఇంట్లో దేనికైనా ఆ పుస్తకంలో జవాబు ఉండేది. నేను అబద్ధం చెబితే ఒక కథ. మక్కజొన్న రవ్వతో ఉడికించిన గట్క వద్దు అని మూతి ముడిస్తే ఎడారిలో సణిగిన జనం కథ. మా కోడి పొదగకపోయినా దానికి కూడా ఒక మాట ఉంటుందని నేను నమ్మేదాన్ని. బాపు నోట "నాకు తెల్వది" అనే మాట నేను వినలేదు.

బతుకమ్మ రోజుల్లో నాకు ప్రాణం లాగేది. పెద్దవ్వ బిడ్డలు తంగేడు పూలు తెంపుకొస్తుంటే వాళ్ళ వెంట పోయేదాన్ని, కానీ ఆడటానికి లేదు. సద్దుల నాడు పెద్దవ్వ నువ్వుల సద్ది ఆకులో చుట్టి పెరటి గోడ మీద పెట్టి, "కాకికి పెట్టిన, ఇంకెవ్వలన్న తింటె నాకు తెల్వది" అని గట్టిగా అరిచేది. ఆ కాకిని నేనే. గడ్డివాము వెనక కూర్చుని తిని, మూతి పుంటికూర ఆకుతో తుడుచుకుని వచ్చేదాన్ని. బాపు ప్రార్థనలో ఆగి ముక్కు ఎగబీల్చి, "ఇంట్ల నువ్వుల వాసనొస్తుంది" అంటే, తమ్ముడు కిసుక్కున నవ్వేవాడు. వాడి వాటా వాడికి ముందే ఇచ్చి ఉండేదాన్ని.

తమ్ముడు. వాడి గురించి చెప్పటానికే ఇదంతా. అయినా ఇంకా వాడి దగ్గరికి పోబుద్ధి కావటం లేదు.

వరుసగా వానలు మొహం చాటేసిన కాలం అది. బావుల్లో బొక్కెన వేస్తే బురద వచ్చేది, తర్వాత అదీ రాలేదు. పత్తి లేదు కాబట్టి మార్కెట్ లేదు, మార్కెట్ లేదు కాబట్టి హమాలీ లేదు. వాడలో మగవాళ్ళు బొంబాయి బస్సెక్కారు. మా బాపు ఎక్కలేదు. ప్రార్థన గుడి ఎవరు తెరుస్తారు, కాగు ఎవరు కాస్తారు అని ఆయన బాధ. మేము మక్క గట్క తిన్నాం, అదీ పలచబడి అంబలి అయింది, అంబలి పలచబడి నీళ్ళయింది. మెట్ట చెలకల్లో దొగ్గలి కూర, తుమ్మి కూర ఏరుకొచ్చి ఉప్పు వేసి ఉడికించుకున్నాం. అయినా అవ్వ మక్క రవ్వలోంచి కూడా పిడికెడు తీసి గురిగిలో వేసేది.

"దేవునికి మక్క గట్క పడ్తదా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"మనకు పడ్తలేదా? నోర్మూసుకోని తిను" అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఓపిక లేదు అంతే.

అయ్యగారు హుజూరాబాదులో జ్వరంతో పడ్డారని తెలిసింది. ఆయన రాకపోవటంతో కాగు అలాగే ఉండిపోయింది. పంటలు బాగున్నప్పుడు పోసిన బియ్యం అడుగున, పైన ఈ కరువు గింజలు. బాపు ఆదివారం ఆదివారం అందులోంచి వాడ చివర ఉండే గుడ్డి ముసలవ్వకు ఒక డబ్బా పోసి వచ్చేవాడు. మా పొయ్యి మీదికి మాత్రం ఒక్క గింజ రాలేదు.

అప్పుడే తమ్ముడికి తట్టు పోసింది. తట్టు పోయింది కానీ వాడి కడుపులో ఏదీ నిలవటం మానేసింది. గట్క పెడితే కక్కేవాడు, అంబలి తాగిస్తే విరేచనమయ్యేది. కాళ్ళు చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. పొద్దంతా ఒకటే మాట.

"అవ్వా, తెల్ల బువ్వ."

అన్నాన్ని వాడు అలాగే అనేవాడు. పండుగలకు మాత్రమే చూసిన అన్నం. వాడు అడిగినప్పుడల్లా అవ్వ కళ్ళు కాగు మీదికి పోయేవి. బాపు కళ్ళు అవ్వ మీదికి పోయేవి.

ఒకరోజు బాపు పని వెతుక్కుంటూ జమ్మికుంట పోతానని బయలుదేరాడు. గడపలో అవ్వ అడ్డం నిలబడింది.

"ఒక్క పిడికెడు తీస్తనయ్యా. పోరడు గట్క దిగమింగుతలేడు."

"అవి మనయి గావు."

"నాకు తెల్వదా మనయి గావని?"

"మనం కావలోల్లం. కంచే చేను మేస్తదా? అననీయ సప్పీరా ఏమైండ్రో యాదికి లేదా?"

ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. మొగుడూ పెళ్ళాం పొలం అమ్మి అంతా దేవునికే ఇచ్చామని చెప్పి, కొంత దాచుకుంటారు. ముందు మొగుడు కూలి చస్తాడు. తర్వాత పెళ్ళాం వస్తుంది, ఆమె కూడా అదే చోట కూలుతుంది. బాపు ఆ కథ చదివినప్పుడల్లా నా కాగు దొంగతనం గుర్తొచ్చి రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని.

అవ్వ పక్కకు తప్పుకుంది. బాపు తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారాయి. ఆయన రాయి కాదు, ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.

ఆయన పోయాక పెద్దవ్వ వచ్చింది. పిల్లవాడిని చూసి, నుదురు ముట్టి, కడుపు ముట్టి, అవ్వ మీద విరుచుకుపడింది.

"ఓ పిల్లా, నీకు కండ్లు కనవడ్తలేవా? పోరని పానం పోతుంది. నా ఇంట్ల ఒక్క గింజ ఉన్నా తెచ్చి నోట్ల పోద్దును. గా కాగుల ఉన్నయి బియ్యం గావా?"

"అవి దేవునియి అక్కా."

"దేవుడు తింటడానే? మా పోచమ్మకు మేం బోనం పెడ్తం. ఆమె జూస్తది, మల్ల మేమే తింటం. మీ దేవుడేందే, పోరడు తింటె ఓర్వడా?"

 పెద్దవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని పోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. తమ్ముడు మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు రాలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. అవ్వ లేచింది. కాగు ముందు మోకరించి, ఏం చెప్పుకుందో ఏమో, మూత తీసింది. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, అడుగున ఉన్న మంచి బియ్యం ఒక పిడికెడు తీసింది.

ఆ అన్నం ఉడుకుతున్న వాసన ఈ ముక్కులోంచి పోలేదు. ఇంత వయసొచ్చినా, ఎన్ని బిర్యానీలు తిన్నా పోలేదు. నా నోట్లో నీళ్ళూరి గదవ మీద కారాయి. అవ్వ గంజి వంచి నాకు ఇచ్చింది. అన్నం మెత్తగా పిసికి, ఉప్పు రాయి వేసి, తమ్ముడి నోట్లో పెట్టింది. వాడు తిన్నాడు. కక్కలేదు. ఇంకో బుక్క తిన్నాడు. నా వైపు చూసి, నువ్వుల సద్ది తిన్న రోజుల్లో నవ్వినట్టు నవ్వాడు. అవ్వ ముఖం చూడాలి అప్పుడు! "నిలిచింది, కడుపుల నిలిచింది" అని నన్ను పట్టుకుని ఊపేసింది.

తెల్లవారి కోడి కూసేసరికి వాడు లేడు.

మధ్యాహ్నం బాపు వచ్చాడు, తువ్వాలలో ఇన్ని జొన్నలు మూటగట్టుకుని. వాకిట్లో జనాన్ని చూసి ఆ మూట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. అయ్యగారు లేరు కాబట్టి ఆయనే ప్రార్థన చేశాడు, ఆయనే వాగు ఒడ్డున గొయ్యిలోకి దించాడు. మనం మళ్ళీ చూస్తాం, వాడు లేస్తాడు, యేసయ్య వచ్చిన నాడు లేస్తాడు, అన్నాడు. ఆ మాట అంటుంటే మట్టి పెళ్ళ ఆయన పిడికిట్లో నలిగి పొడైంది.

ఇంటికి వచ్చాక అవ్వ కాగు దగ్గర కూలబడి చెప్పింది.

"నేనే సంపిన. తియ్యద్దంటె తీసిన. పెట్టిన. సచ్చిండు. నా చేతులతోటి పెట్టిన."

బాపు తలెత్తి చూశాడు. కాగును చూశాడు, అవ్వను చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. కాదే అంటే చాలు. అనలేదు. ఆయన కూడా అదే నమ్మాడని ఆ మౌనంలో అవ్వకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆ మౌనాన్ని నేను ఆయనకు ఇంకా పూర్తిగా క్షమించలేదు. క్షమించాలని తెలుసు, అదే చదువుకున్నాను, అదే పాడుతాను. తెలిసినంత మాత్రాన అవుతుందా?

అవ్వ తిండి మానేసింది. అలిగి కాదు. నోటికి పోవటం లేదు. బుక్క చేతిలోకి తీసుకుని, దాన్నే చూసి, కింద పెట్టేది. ఆదివారం గుడిలోకి రాలేదు, చెప్పులు విడిచే చోట మట్టిలో కూర్చుంది. గురిగిలో పిడికెడు వెయ్యటం మాత్రం మానలేదు. మేము తినే దాంట్లో తన పాలు మొత్తం అందులోనే వేసేది. ఆమె మెడ ఎముకలు తేలాయి. నేల పట్టుకుని లేచేది. ఈమె కూడా పోతుందని నాకు తెలిసిపోయింది. పిల్లలకు తెలుస్తుంది.

పెద్దవ్వ అంబలి పట్టుకుని వచ్చి బతిమాలింది, తిట్టింది, చివరికి బాపు మీద పడింది.

"ఏమయ్యా మర్ది, పొద్దుమాపు సదువుతవు గద! నీ పుస్తకంల యాడన్న అన్నం పెట్టుమని లేదా? లేకుంటె గా పుస్తకం నాకెందుకు, నీకెందుకు?"

 బాపు కూడా మాట మానేశాడు ఆ రోజుల్లో.

చివరికి అయ్యగారు వచ్చారు. జ్వరం తిని వదిలిన మనిషి, సైకిల్ తొక్కలేక నెట్టుకుంటూ వచ్చారు. సంగతంతా విని అవ్వ ముందు నేల మీదే కూర్చున్నారు.

"సూడమ్మా, దావీదు ఆకలైనప్పుడు దేవుని ముందల పెట్టిన రొట్టెలు తిన్నడు. అవి యాజకులు తప్ప ఎవ్వలు తినద్దు. అయినా తిన్నడు. తప్పు గాదని యేసుప్రభువే చెప్పిండు. ఆకలైన పోరనికి పెట్టినవు. నీకు పాపం లేదు బిడ్డా."

అవ్వ తల ఎత్తింది. అప్పటిదాకా మాట్లాడని మనిషి, ఎంత మెల్లగా అందో!

"తిన్నడు అయ్యగారూ. మరి దావీదు పోరడు గూడ సావలేదా?"

 దావీదు బిడ్డ చచ్చిపోవటం నిజమే, బాపు ఎన్నోసార్లు చదివాడు. అది వేరే కథ, వేరే తప్పు, వేరే కాలం. "అది రొట్టెల కోసం గాదమ్మా, అది వేరే" అన్నారు ఆయన.

"నాకేం ఎరుక అయ్యగారూ. తిన్నదుంది, సచ్చింది ఉంది. రెండూ గదే పుస్తకంల ఉన్నయి గద" అంది అవ్వ, మళ్ళీ తల దించేసింది.

చదువురాని మనిషి, విన్న కథలన్నిటినీ ఒకే దారంతో కుట్టుకుంది. ఆ కుట్టు విప్పటం అయ్యగారి వల్ల కాలేదు. పోయేటప్పుడు బాపు కాగులోంచి ఆయన పాలు తియ్యబోతే, "ఈసారి నాకొద్దు, గది ఇంట్లనే ఉండనీ" అని ఖాళీ సంచితోనే సైకిల్ నెట్టుకుంటూ పోయారు.

ఆ తర్వాత బాపు పుస్తకం వదల్లేదు. పైకి చదవటం మానేసి, మనసులో చదివాడు. పేజీలు తిరగేస్తున్న చప్పుడు, అవ్వ ఎగశ్వాస, రెండే వినిపించేవి ఇంట్లో. ఒకరోజు పొద్దెక్కాక పుస్తకం మూసి, గూట్లో పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాడు. మా బాపు పొయ్యి ముట్టించటం నేను ఎప్పుడూ చూడలేదు. పుల్లలు పెట్టటం రాక ఇల్లంతా పొగ చేశాడు. నేను పోయి గొట్టంతో ఊదాను. "నీళ్ళెన్ని పొయ్యాలె బిడ్డా?" అని నన్ను అడిగాడు. తర్వాత కాగు మూత తీశాడు. ప్రార్థన చెయ్యలేదు, మోకరించలేదు. పిడికెడు కాదు, అడుగున ఉన్న బియ్యం రెండు చేతులా తీశాడు.

అవ్వ గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. భయంతో ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "వద్దయ్యా, వద్దు, నువ్వు గూడ వద్దు" అంటోంది.

అన్నం ముద్దముద్దగా అయింది. బాపు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి అవ్వ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగో ఇను. పుస్తకంల అననీయ ముందుగాల పడ్డడు. సప్పీరా తర్వాత పడ్డది. మొగడు ముందుగాల. గందుకే ముందుగాల నేను తింట. నేను పడితె నువ్వు ముట్టకు. పడకపోతె నువ్వు తినాలె."

"వద్దయ్యో!"

"నీ పాపమైతె నా మీద రానీ. ఒకరిది ఇంకొకరు మోసిండని చెప్పేటిదే గదనే మన నమ్మకం? ఇన్నేండ్లు ఊరందరికి చెప్పిన. నీది నేను మొయ్యకుంటె నేను చెప్పిందేంది?"

బుక్క నోట్లో పెట్టుకున్నాడు. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. ఆయన గొంతునే చూశాను. ముద్ద దిగటం కనిపించింది. ఇప్పుడు పడతాడు, ఇప్పుడు పడతాడు అని నా కాళ్ళలోంచి మూత్రం కారిపోయింది. పిచ్చి అనుకుంటారేమో, మాకు అది కథ కాదు. ఆయన కూలిపోతాడని నేను నమ్మాను, అవ్వ నమ్మింది. ఆయన కూడా నమ్మాడనే అనుకుంటాను. అయినా ఇంకో బుక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు.

బయట పెద్దవ్వ కోళ్ళను అదిలిస్తోంది. బాపు పడలేదు.

"ఇగో. పడ్డనా?" అన్నాడు. 

అవ్వ ఆయన్ను అలాగే చూసింది. ఆమె ముఖంలో ఏదో విడిపోయింది. సంతోషం కాదు, అంతకంటే భయంకరమైనది.

"పడలే" అంది. "నువ్వు పడలే. మరి నా పోరడెందుకు పోయిండయ్యా?"

బాపు గూట్లో ఉన్న ఎర్ర గుడ్డ వైపు చూశాడు.  ఆ పుస్తకంలో జవాబు లేని ప్రశ్న మా ఇంట్లోకి రావటం అదే మొదలు.

"తెల్వదే" అన్నాడు. "నాకు తెల్వది."

అన్నాక చిన్న పిల్లవాడిలా ఏడ్చాడు. దూదిమూటలు మోసిన ఆ భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. వాణ్ణి పూడ్చినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. అవ్వ గోడ పట్టుకుని జరిగి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన పళ్ళెంలోంచి అన్నం తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

పాపం లేదని అయ్యగారు చెబితే తినని మనిషి, తెల్వదని బాపు అంటే తిన్నది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆమె తప్పు అని ఎవరైనా అన్నా, తప్పు కాదని ఎవరైనా అన్నా, ఆమె ఒంటరిగానే ఉండేది. తెలియనితనంలో ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అంతే అనుకుంటాను.

మరుసటి ఆదివారం బాపు పట్టా ముక్క కొట్టి, వాడలో పిల్లలందరినీ పిలిచాడు. మా వాళ్ళను, పోచమ్మ వాళ్ళను అందరినీ. కాగు ఖాళీ అయ్యేదాకా వండి పెట్టారు. పెద్దవ్వే వడ్డించింది. "తినుండ్రి బిడ్డా, గీ దేవునికి ఇప్పుడు బుద్ధొచ్చింది" అంది. బాపు విన్నాడు. అవ్వ అందరి పిల్లల నోళ్ళ వైపు చూస్తూ మూలన కూర్చుంది. ఆమె బతికింది. గుడిలోకి కూడా వచ్చింది. నవ్వటం మాత్రం నేను చూడలేదు.

బాపు చివరిదాకా సంఘ పెద్దగానే ఉన్నాడు, చివరిదాకా చదివాడు. కానీ ఎవరింట్లోనైనా పిల్ల చనిపోయి, పక్కవాళ్ళు దేవుని చిత్తమనో, ఏదో పాపమనో మొదలుపెడితే, "మూయుండ్రి" అని గట్టిగా అరిచేవాడు. చనిపోయినవాళ్ళు లేస్తారని మాత్రం నమ్మాడు. నేనూ నమ్ముతాను. నమ్మకపోతే వాణ్ణి ఇంకెక్కడ చూస్తాను? అయినా ప్రతి ప్రార్థన చివర ఆమెన్ అన్నాక, ఒక్క ప్రశ్న నోట్లో అట్లాగే ఉండిపోతుంది. దానికి యేసయ్యే వచ్చి జవాబు చెప్పాలి.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఆ వాడ లేదు. బొంబాయి పోయినవాళ్ళ మనుమలు దుబాయి పోయి స్లాబు ఇళ్ళు కట్టుకున్నారు. గుడికి మైకులొచ్చాయి, పిడికెడు బియ్యం పద్ధతి పోయింది. పెద్ద కాలువ వచ్చింది. కాలువ నీళ్ళతో చెలకలన్నీ వరిమళ్ళయ్యాయి. పోయిన యాసంగి కోతలప్పుడు ఒక పెళ్ళికి అటు పోయినప్పుడు, వాగు దగ్గర ఆటో ఆపించాను. తమ్ముణ్ణి పెట్టిన చోటు ఏదో తెలియలేదు. ఒడ్డంతా వరి కోసేశారు. రోడ్డు పొడుగునా వడ్లు ఎండబోశారు, ఆటో పోవటానికి దారి లేదు. కుప్పలు కుప్పలు, గుట్టలు గుట్టలు. కొనేవాళ్ళు రాలేదని, వాన మొగులైందని ఎవరో తిట్టుకుంటున్నారు. కోళ్ళు మేస్తున్నాయి, పశువులు తొక్కుతున్నాయి.

చెప్పులు విడిచి ఆ వడ్లలోకి దిగాను. మోకాళ్ళు సహకరించకపోయినా వంగి ఒక పిడికెడు తీసుకున్నాను. "ఏం గావాలె అవ్వా?" అని అడిగాడు ఆటో పిల్లవాడు. వాడికి ఏం చెప్పను? వాగు వైపు తిరిగి గట్టిగానే అన్నాను.

"జరంత ఆగకపోతివి గదరా!"